గదిలో పాట గదిలోనే

"ఆ ఫోను నోరు ముయ్యి ముందుగాల!"

సీతాబాయి చేతిలోని జావ గిన్నె ఠప్పున గట్టు మీద పడింది. సగం జావ పొయ్యి చుట్టూ పారింది.

"అమ్మా. నాకు ఇప్పుడు ఆకలిగా లేదు. తర్వాత తాగుతాను," అని ఫోను రెండోసారి కూడా చెప్పింది. వార్తలు చదివే మగమనిషి గొంతు. వరదలొచ్చినా, పెళ్ళి జరిగినా ఒకే తీరుగా చదివే గొంతు.

సాయిచంద్ గాభరాగా ఫోను బోర్లించాడు. రెండోసారి పలికించింది అతను కాదు, పొరపాటున తగిలిన వేలు. అది తల్లికెలా తెలుస్తుంది?

"ఎవడే జ్యోతీ వాడు? నా కొడుకు లోపట ఎవడో కూసొని మాట్లాడినట్టున్నది నాకు. వీడు ఎన్నడన్న 'తాగుతాను' అన్నడా? 'తాగుత తియ్యే అమ్మ, జర ఆగు' అంటడు. గా వార్తలోన్ని నా ఇంట్లకెల్లి పంపియ్యి."

"అది మిషను అత్తా. సాయి రాసింది నువ్వు చదవలేవు కదా అని నేనే పెట్టినా," అంది జ్యోత్స్న, గుడ్డ తెచ్చి జావ తుడుస్తూ.

"నాకొద్దు మిషను. ఆడు మూగోడయితే మూగోన్నే సూసుకుంట."

అనేసింది. అన్నాక చీర చెంగు నోట్లో కుక్కుకుంది. సాయిచంద్ మాత్రం ఏమీ విననట్టు కిటికీలోంచి నార్సింగి వైపు లేస్తున్న ముప్పై అంతస్తుల మేడలను చూస్తూ కూర్చున్నాడు. గొంతు దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ కదులుతోంది.

స్వరపేటిక తీసేసి ఆరు వారాలైంది. గడ్డ పాకకముందే తీశారు, ప్రాణానికి ఫికరు లేదన్నారు డాక్టర్లు. సాధన చేస్తే కొన్నాళ్ళకు ఏదో ఒక రకంగా మాట రావచ్చు గానీ పాత గొంతు మాత్రం రాదన్నారు. ముప్పై మూడేళ్ళ మనిషికి, పాడటం తప్ప వేరే ధ్యాస లేని మనిషికి, ఆ మాట ఎంత మెల్లగా చెప్తే మాత్రం ఏం లాభం!

సీతాబాయికి చదువు రాదు. సాయిచంద్ ఇప్పుడు రాతతో తప్ప మాట్లాడలేడు. ఆరు వారాలుగా తల్లీకొడుకుల మధ్య ప్రతి మాటా కోడలి నోటి మీదుగా పోవలసిందే. జ్యోత్స్న హైటెక్ సిటీ ఆఫీసుకు వెళ్ళిన రోజుల్లో సాయిచంద్ పలక మీద రాసి, ఫోటో తీసి పంపితే, ఆమె అత్తకు ఫోను చేసి చదివి చెప్పేది. "పప్పులో ఉప్పు తక్కువైంది" అని చెప్పడానికి క్లయింటు మీటింగులోంచి లేచి వెళ్ళిన రోజు కూడా ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని రెండూ చేసింది.

"దినేష్ ఏమన్నడే? గదే, నీ ఆఫీసు పిలగాడు. సాయి గొంతునే ఫోన్ల పెడ్తనన్నడు గద?"

"పెడతాడంట అత్తా. ఆ నేర్పు అతనికుండాది. కానీ సాయి మాట్లాడింది ముప్పావుగంటన్నా కావాల, రొద లేకుండా. మన ఫోన్లన్నీ గాలిస్తే దొరికింది నాలుగు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు ట్రాఫిక్కే."

"గన్నేండ్లు పాటలు పాడిండు, ఒక్కటి కూడ పట్టి పెట్టుకోలేదానే? చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం ఫాయిదా!"

జ్యోత్స్న తుడవడం ఆపింది. చెప్పాలా వద్దా అని ఉదయం నుంచీ గింజుకుంటోంది. చెప్పేసింది.

"మహేశ్ దగ్గర ఉంటాది."

రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు అది. సాయిచంద్ గిర్రున తిరిగాడు. పలక అందుకుని, పెన్ను మూత పళ్ళతో లాగి, ఒక్కటే మాట రాశాడు.

"ఏం రాసిండు?"

"వద్దంటాండాడు."

"ఎందుకొద్దట?"

సాయిచంద్ మళ్ళీ రాశాడు. జ్యోత్స్న ఒక్క అక్షరం వదలకుండా చదివింది. ఎంత చేదు మాటైనా మార్చకుండా చదవాలని మొదటి రోజే ఒట్టు పెట్టుకుంది ఆమె.

"'వెళ్ళగొట్టినోని దగ్గరికి మన అవసరం పడితే పోతమా? నియమం గొంతున్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి ఉంటదా?'"

"పాడువడ్డ నియమం," అంది సీతాబాయి.

ఆ నియమం ఆవిడకు పాడుదే. కానీ ఊరికే పుట్టింది కాదు. అది పుట్టిన చోటు నార్సింగి పాత ఊళ్ళో, మూసేసిన వెల్డింగు షాపు తాలూకు షట్టరు గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించుకుని, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పాడుకునేవాళ్ళు. సాయిచంద్ గిటారు, పాట. జ్యోత్స్న బేసు గిటారు. మహేశ్ డ్రమ్ములు. బ్యాండు పేరు 'కంకర'. కంపెనీల బ్యానరు కట్టరు, టికెట్టు పెట్టరు, పాట కింద ఎవరి పేరూ వెయ్యరు. వాచ్‌మన్, డెలివరీ తమ్ముడు, టీమ్ లీడరు, అందరికీ ఒకటే చాప. ఒకరోజు ప్రియదర్శిని అనే అమ్మాయి, ఆఫీసులో ఉద్యోగాలు పీకేస్తున్న వారంలోనే, దాని మీద పాట కట్టి పాడింది. ఎవడి ఫోన్లోనో ఎక్కిన ఆ పాట వెళ్ళి వెళ్ళి ఆమె మేనేజరు ఫోన్లో దిగింది. మంగళవారం పొద్దున ఆఫీసు గేటు దగ్గర ఆమె బ్యాడ్జి పనిచెయ్యలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి గుమ్మంలో ఒక పెద్ద డేక్సా పెట్టారు. ఫోన్లన్నీ అందులో వేసి లోపలికి రావాలి. గదిలో పాట గదిలోనే. రికార్డు చేసినవాడు మనవాడు కాడు.

ఏడాది తిరక్కుండా సౌండు మిక్సరు కింద, దుప్పటి మడతలో, చిన్న రికార్డరు దొరికింది. అది మహేశ్‌ది.

"నీకు నియమం గొప్పది. నాకు ఈ ఇంట్లో ఇద్దరు మనుషులుండారు," అంది జ్యోత్స్న. ఆమె గొంతు పెరిగింది. "అత్త రోజంతా నీ మొహం చూసుకుంటా కూర్చుంటాది, ఒక్క మాట కోసం. నువ్వేమో పలక మీద గీతలు గీస్తావు. మూగోడిగా ఉండిపోవాలని పంతమా నీకు?"

సాయిచంద్ పలక మీది అక్షరాలను మోచేత్తో తుడిచేశాడు. ఇక రాయలేదు. పక్క మీదికి ఒరిగి గోడ వైపు తిరిగాడు. గొంతున్న మనిషి మౌనం వేరు. గొంతు లేని మనిషి పలక కూడా పక్కన పెట్టేస్తే, ఆ మౌనాన్ని భరించడం ఎవరి తరం?

సీతాబాయి కోడలిని చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కెళ్ళింది.

"పోయి తెచ్చుకరా బిడ్డ. ఆని మాట నేనినను."

"వద్దన్నాడు కదత్తా."

"ఆడు మంచి నౌకరి ఇడిచిపెట్టి ఆ షట్టర్ల కూసున్ననాడు నేనొక మాటన్న. 'నీ పాట నేనినను, ఆ గదిల కాలు పెట్ట' అన్న. ఎనిమిదేండ్లు. ప్రతి ఐతారం చెప్పులేసుకుంట పిలిచేటోడు, 'వస్తవా అమ్మ' అని. నేను ఇటు మొఖం తిప్పుకునేదాన్ని." ఆవిడ కోడలి చెయ్యి ఇంకా వదల్లేదు. "నా కడుపుల పుట్టినోని పాట లోకమంత ఇన్నది, నేనినలె. గింత పాపిష్టిదాన్ని ఉంటనా ఎక్కడన్న?"

జ్యోత్స్న చెప్పులు వేసుకుంది.

*

తెల్లాపూర్‌లో పెద్ద ఫంక్షన్ హాలు. సాయంత్రం ఎవరిదో ఓణీల వేడుకట. బంతిపూల దండలు గుట్టలుగా పడున్నాయి. వేదిక మీద ఒకడు మైకు పట్టుకుని "హలో, చెక్, హలో" అని అరుస్తున్నాడు. పక్కన లాప్‌టాప్ ముందు, ఇప్పుడు సౌండు పని చేసుకుంటున్న మహేశ్ కూర్చున్నాడు. చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కొత్తగా వచ్చాయి.

ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రాండ్రి మేడం."

మేడం! ఒకప్పుడు "వదినె, ఛాయ్ పెట్టు" అని ఇంట్లోకి దూసుకొచ్చే మనిషి. జ్యోత్స్నకు చెంప మీద కొట్టినట్టైంది. కానీ ఆమె కూడా మొండిదే.

"నేను క్షమాపణ చెప్పడానికి రాలా మహేశ్. నువ్వు చేసింది తప్పు. ప్రియ ఉద్యోగం పోయిన తర్వాత కూడా చేసినావు. నేనది మర్చిపోలేదు. అయినా ఒకటి అడగాల్సొచ్చింది."

"అడుగుండ్రి."

"సాయికి ఆపరేషను..."

"ఎర్కే. దవాఖానకు వచ్చిన. నాలుగు దినాలు వచ్చిన. కింద క్యాంటీన్ల కూసొని పోయిన, పైకి రాబుద్ధి కాలె." కుర్చీ జరిపాడు. "కూసోండ్రి. ఏం కావాలె?"

ఆమె చెప్పింది. ఫోను గొంతు గురించి, దినేష్ గురించి, అత్త చెవులు మూసుకోవడం గురించి, ముప్పావుగంట మాటల గురించి.

"ఆ రోజు మా అందరి ముందు రికార్డరులోని కార్డు తుడిపించినాను కదా నీ చేత. దాంట్లోది పోయింది, తెలుసు. అంతకుముందువి ఏమన్నా ఇంట్లో మిగిలుంటే..."

"ఉన్నయి. తుడవాలనుకున్న. చెయ్యి రాలె." అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "పదకొండు ఐతారాలవి ఉన్నయి. పాటలకంటె ఆయన ముచ్చట్లే ఎక్కువ. ఒక్క పాట పాడి పావుగంట మాట్లాడేటోడు గద. మీ దినేష్ సార్‌కు పరేషాన్ ఉండది."

మహేశ్ లాప్‌టాప్‌లో ఏవో తెరిచి, హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చాడు. "రొద ఎంతున్నదో మీరే సూసుకోండ్రి. పనికొస్తే పెన్‌డ్రైవ్‌ల ఏసిస్త."

ఒక్క షరతు పెట్టలేదు. ఒక్క దెప్పు మాట లేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

అంతలో వేదిక మీద మైకు కుయ్యిమంది. "ఒక్క నిమిషం," అంటూ మహేశ్ అటు పరుగెత్తాడు. జ్యోత్స్న తెర మీది వరుసలో అన్నిటికన్నా పైనున్నదాన్ని నొక్కింది.

మొదట గరగర. కుర్చీ లాగిన చప్పుడు. ఆ తర్వాత, చెవికి ఆనుకుని నిలబడి మాట్లాడినట్టు, సాయిచంద్.

"ఆన్ అయిందా రా? లైటు కనిపిస్తలేదు."

ఆరు వారాల తర్వాత. జ్యోత్స్న రెండు చేతులతో హెడ్‌ఫోన్లను అదిమి పట్టుకుంది. ఈ గొంతును ఆమె ఎలా మర్చిపోగలిగింది? మాట చివర కాస్త లాగడం, మధ్యలో ముక్కు ఎగబీల్చడం, అన్నీ ఉన్నాయి. కళ్ళ నీళ్ళు వాటంతట అవే కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"అయింది అన్న. గని నాకెందుకో మంచిగనిపిస్తలేదు. వదినెకు చెప్పి చేద్దాం." ఇది మహేశ్.

"జ్యోత్స్నకు చెప్తే ఒప్పుకుంటదా? నియమం పెట్టిందే నేను, ఆమె గద. ఏ మొఖం పెట్టుకొని అడుగుత? నువ్వు సప్పుడు చెయ్యకు. నీ దగ్గరనే ఉంచు. మంచిగొచ్చింది ఒక్కటి తీసి అమ్మకు ఇనిపిస్త. ఆమె ఎట్లాగు రాదు, నేనే పోయి ఆమె చెవుల పెడుత. గంతే, అటెన్క తుడిచేద్దాం."

తర్వాత గిటారు. తర్వాత,

"అమ్మా, ఇది నీదే. ఇనుకో."

మా మడి మీద లేచిన మేడ,
మా అమ్మ తుడిచిన అద్దాల గోడ...

సీతాబాయి నాట్లేసిన పొలంలోనే ఐటీ మేడ లేచింది. అదే మేడలో పదేళ్ళు ఆవిడ నేల తుడిచింది, అద్దాలు తుడిచింది. ఆ పాట జ్యోత్స్న వందసార్లు విన్నది. బేసు వాయించింది కూడా. ఇప్పుడు మాత్రం రెండు చరణాలు కూడా వినలేకపోయింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

మహేశ్ తిరిగొచ్చి, తెర వైపు చూశాడు. మొహం మాడిపోయింది.

"అది ఎందుకు పెట్టిన్రు వదినె? కిందియి మంచిగున్నయి."

"సాయి చెప్తే చేసినావా నువ్వు?"

మహేశ్ లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి ఫైళ్ళు ఎక్కించసాగాడు.

"ఆ రోజు అందరం చుట్టూ కూర్చున్నాం. ఒక్కొక్కరం మాట్లాడినాం. మన పద్ధతి ప్రకారం ఆఖరున నిన్ను మాట్లాడమన్నాం. 'నా తప్పే' అన్నావు. ఏమిటికి చెప్పలా?"

"సాయన్న దిక్కు సూసిన. ఆయన కిందికి సూసిండు." మహేశ్ వైరు ఒకటి చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు. "ఆయనే చెప్తడనుకున్న. చెప్పలె. ఇగ నేనేం చెప్పాలె? నేను పోతే డ్రమ్ములోడు పోతడు. ఆయన పోతే గది పోతుండె. ప్రియక్క అసొంటోళ్ళు మల్ల ఎక్కడికి పోవాలె?"

"రెండేళ్ళు..."

"ఏమనుకోకుండ్రి. అన్నిటికంటె మీ మాటే గుచ్చుకున్నది. 'నీ చెయ్యి తగిలిన డ్రమ్ము మేము ముట్టం' అన్నరు."

అన్నది. అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడింది ఆ రోజు జ్యోత్స్నే. న్యాయం తన పక్కనే ఉందన్న ధీమాతో, ఎంత బాగా మాట్లాడానో అని ఇంటికొచ్చాక మురిసిపోయింది కూడా. అవతలివాడి దగ్గర నిజం ఉందని తెలియక మాట్లాడే మనిషికంటే మూర్ఖులు ఉంటారా!

"నన్ను క్షమించు మహేశ్," అంది. వచ్చేటప్పుడు చెప్పనన్న మాట అదే.

మహేశ్ పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. "ఆయనను ఏమనకుండ్రి. ఇప్పుడు ఏమన్నంటే తిరిగి అననీకి గొంతు కూడ లేదు ఆయనకు."

*

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. సీతాబాయి మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పండగలకు కట్టే ముదురాకుపచ్చ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"దొరికిందా?"

"దొరికింది అత్తా."

"సాయీ! దొరికిందట రా!" ఆవిడ చిన్నపిల్లలా లోపలికి పరుగెత్తింది. కొడుకు పక్క మీద దుప్పటి సవరించింది. తనకొక కుర్చీ లాక్కుంది. "ఇగ పెట్టు బిడ్డ. జల్ది పెట్టు."

సాయిచంద్ తల్లి వైపు చూడలేదు. భార్య మొహంలోకే చూస్తున్నాడు. అక్కడ కనిపించినది అతనికి అర్థమైపోయింది. పెళ్ళై ఆరేళ్ళైంది మరి.

"అన్నిటికంటే పైనున్నది విన్నాను," అంది జ్యోత్స్న.

అతని గొంతు దగ్గరి గుడ్డ గబగబా కదలసాగింది. పలక అందుకున్నాడు, రాశాడు, ఆమె వైపు తిప్పాడు.

ఆమె పలక వైపు చూడలేదు.

"నేను చదవను. నువ్వే చెప్పు," అంది.

చెప్పలేడని తెలిసే అంది. అంత కోపం వచ్చిందామెకు. అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. గాలి మాత్రం గొంతు దగ్గరి రంధ్రంలోంచి వచ్చింది, ఈలలా. ఆ చప్పుడు వినగానే జ్యోత్స్న అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"రాయి. రాయి సాయీ. చదువుతా."

"ఏందే? ఏమైంది? ఏమంటుండే వాడు?" సీతాబాయికి ఏమీ అర్థం కాలేదు. ఒకసారి కొడుకును, ఒకసారి కోడలిని చూస్తోంది.

సాయిచంద్ రాస్తూనే ఉన్నాడు. పలక నిండింది. జ్యోత్స్న చదువుకుంది. అతను తుడిచి మళ్ళీ రాశాడు. ఆమె పైకి చదవలేదు. అతను ఇంకోసారి తుడిచి, అడుగున ఒక చిన్న ముక్క రాసి, చేతులు జోడించాడు.

"జ్యోతీ. నిన్నే. ఏం రాసిండు?"

"అత్తా..."

"ఆరు వారాల సంది ఆడు ఏం రాస్తే నువ్వు గదే సదివినవనుకుంటున్న. గట్లనే సదివినవా, లేకుంటె నా తృప్తికి చెప్తున్నవా?"

దానికి జ్యోత్స్న దగ్గర ఒకే జవాబుంది. ఆమె పలక తీసుకుంది. తుడిచేసినవి కూడా జ్ఞాపకం నుంచి వరసగా చెప్పింది.

"'రికార్డు చెయ్యమన్నది నేనే. అమ్మకు వినిపియ్యాలనే. దొరికిననాడు భయమైంది. నియమం పెట్టినోడే తప్పిండంటే అందరు ఏమనుకుంటరో అని. మహేశ్ నా దిక్కు చూసిండు. నేను నేల దిక్కు చూసిన. ఆ రోజు నాకు గొంతున్నది. మాట్లాడలె.'" ఆమె సాయిచంద్ వైపు చూసి, ఆగకుండా చెప్పింది. "'ఇప్పుడు ఆ రికార్డు నాకు ముట్టబుద్ధి అయితలేదు. అందుకే వద్దన్న, నియమం కోసం కాదు.'"

"ఇంకేమున్నది? కింద ఇంకేదో రాసిండు గద."

"'అమ్మకు చదవకు.'"

వీధిలో నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ కీచుకీచుమని అరిచింది.

"ఆ పిలగాడు," అంది సీతాబాయి చివరికి, "డ్రమ్ములు కొట్టెటోడు. ఈడికొచ్చి సల్ల తాగిపోయెటోడు. ఆడేనా?"

"వాడే."

"రెండేండ్ల సంది నా కోసం మాట పడ్డడా ఆడు? నేను మొండికేసి పోకపోతి. నా కోసమని వీడు దొంగతనం చెయ్యవట్టె. దొంగతనం ఆని మీద పడె."

"నీ తప్పేం లేదత్తా."

"ఊకో. నా తప్పు ఎంతున్నదో నాకెర్క." ఆవిడ ఏడవలేదు. చీర చెంగును ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేసుకుంటూ ఉండిపోయింది.

జ్యోత్స్న లాప్‌టాప్ తెరిచింది. "వింటావా? నీకోసమే పాడినాడు. 'అమ్మా' అని నిన్నే పిలిచినాడు దాంట్లో."

ఆవిడ చెయ్యి ముందుకు వచ్చింది. ఎంత ఆశ ఆ చేతిలో! లాప్‌టాప్ దాకా వచ్చి, దాన్ని మూసేసింది.

"ఇప్పుడొద్దు. ఇప్పుడింటే ఆ పిలగాని ఉసురు ఇనిపిస్తది నాకు, పాట ఇనిపియ్యది."

"అత్తా, నీకు ఇంతకంటే..."

"రేపు ఐతారం గద. మూడు గంటలకే గద మీ షట్టరు?"

"మూడింటికే. సాయి లేకున్నా వస్తాండారు అందరూ. ఊరికే కూర్చుని పోతాండారు."

"ఆడ అందరు చుట్టు కూసొని ఒక్కొక్కరు మాట్లాడుతరు, ఆఖరికి తప్పు చేసినోడు మాట్లాడుతడు అని ఎన్నడో అంటివి. నిజమేనా?"

"నిజమే."

సీతాబాయి లేచి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. గడ్డం కింద వేలు పెట్టి మొహం తన వైపు తిప్పుకుంది.

"నీకు గొంతు లేదు సాయీ. నాకున్నది. నువ్వు రాసింది జ్యోతి నాకు సదివినట్టు, నేను ఆడ నిలబడి అందరికి చెప్త. ఒక్క మాట ఇడువ. తిడితే నేను పడుత."

సాయిచంద్ తల అడ్డంగా ఊపాడు. అడ్డంగా, మళ్ళీ అడ్డంగా. కళ్ళు నిండిపోయాయి. పలక కోసం తడుముకున్నాడు.

ఎవరి కోసం ఆ నియమం పెట్టారో ఆ ప్రియదర్శిని రేపు ఆ చాప మీద కూర్చుని ఉంటుంది. ఆమె మొహం చూడవలసింది సాయిచంద్ ఒక్కడే కాదు, తనూ చూడాలి. ఈ మాట తోచగానే జ్యోత్స్న మూసిన లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుంది. నిజం బయటపడ్డాక ఆ గది నిలుస్తుందో లేదో ఆమెకే తెలియదు. ఆ గది లేకపోతే, పాట ఎలాగూ పోయిన ఈ మనిషికి ఇంకేం మిగులుతుంది?

"రాయకు," అంది సీతాబాయి, పలక పక్కకు జరిపి. "నాకు రాత రాదు. ఎనిమిదేండ్లు నువ్వు పిలిచినవ్, 'వస్తవా అమ్మ' అని. నేను రాలె. ఇప్పుడు నేను పిలుస్తున్న బిడ్డ. వస్తవా?"

సాయిచంద్ తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. తల్లి చెయ్యి అతని గడ్డం కిందే ఉంది. ఆవిడ జవాబు కోసం చూస్తూనే ఉంది.